జట్కా గుర్రాలకు నేను పట్టిన నాడి

నంద్యాల రైల్వే స్టేషను బయట జట్కాలు నిలబడే వరుసలో మొదటి నంబరు ఎవరిదన్నది, డెబ్భైల చివరి రోజుల్లో, ఎలక్షన్లో ఎవరు గెలిచారన్నదాని కంటే పెద్ద విషయం. నేను వెటకారానికి అనడం లేదు. పొద్దున రైలు దిగే జనం ఐదారు బండ్లకు సరిపోయేవాళ్లు. మొదటి నంబరు వాడు ఒక బాడుగ దించి వచ్చి రెండో బాడుగకు నిలబడే సరికి, చివరి నంబర్ల వాళ్లు ఇంకా గుర్రం మీద ఈగలు తోలుకుంటూ ఉండేవాళ్లు. వరుస తప్పి ఎవరూ బండి కదపకూడదు. పరిచయస్తుడైనా సరే, వచ్చి మన బండి ఎక్కబోతే, నంబరు రాలేదు దిగు అని చెప్పాలి. అంత కట్టుబాటు.

ఆ నంబర్లు ఏడాదికోసారి మారేవి. మాఘమాసంలో ఒక రోజు పొద్దున జట్కాలన్నీ నంద్యాలలో బయలుదేరి ఆళ్లగడ్డ దాకా పరుగెత్తేవి. నలభై కిలోమీటర్ల పైమాటే. ముందు చేరినవాడికి మొదటి నంబరు, తర్వాత వచ్చినవాడికి రెండోది, అలా చివరి దాకా. ఎవరు పెట్టారో, ఎప్పటి నుంచి ఉందో నాకు తెలియదు. నేను పశువుల డాక్టరుగా నంద్యాలకు వచ్చే నాటికే ఉంది.

నేను వచ్చిన మరుసటి ఏడాది ఆ పరుగులో ఒక గుర్రం శిరివెళ్ల దాటాక నిలువునా కూలి చచ్చిపోయింది. జట్కావాళ్లకు గుర్రమంటే ఇంట్లో సంపాదించే మనిషి. అందరూ కలిసి ఆస్పత్రికి వచ్చి, వచ్చే ఏడాది పరుగుకు నువ్వు నిలబడాలి సార్, ఏ గుర్రం పోవచ్చో ఏది ఆగాలో నువ్వు చెప్పాలి అన్నారు. నాకు ఒళ్లు పులకరించింది. డోన్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, చిన్నప్పటి నుంచి గుర్రమంటే పిచ్చి. చదువుకునే రోజుల్లో బయటి దేశాల్లో ఇలాంటి దూరపు పరుగులు పెడతారని, మధ్యలో గుర్రాలను ఆపి డాక్టర్లు నాడి చూస్తారని పుస్తకాల్లో చదివి ఉన్నాను. ఆ చదువు ఇన్నాళ్లకు పనికొచ్చిందని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

నియమాలు నేనే రాశాను. కొరడా ఉండకూడదు. సగం దారిలో శిరివెళ్ల దగ్గర ప్రతి బండీ ఆగాలి. అరగంట నీడలో విప్పి కట్టేసి నీళ్లు పెట్టాలి. అరగంట కాగానే నాడి చూస్తాం. నిమిషానికి అరవై నాలుగు లోపు కొట్టుకోవాలి. ఎక్కువుంటే పది నిమిషాలు ఆగి ఇంకోసారి. అప్పటికీ తగ్గకపోతే ఆ గుర్రం అలిసిపోయినట్టే, అక్కడితో ఆగాలి. ఆళ్లగడ్డలో మళ్లీ ఇదే పరీక్ష. అది దాటితేనే నంబరు. దాటని వాళ్లంతా వరుసలో వెనక్కి. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించి స్టేషను గోడకు కొట్టించాను. వారం తిరక్కుండా జట్కావాళ్లు నాకు 'అరవై నాలుగు సార్' అని పేరు పెట్టేశారు. నా ముందే అనేవాళ్లు. నాకు లోపల భలే గర్వంగా ఉండేది.

ఒక్కటే చిక్కు. నాకొక బండి వాడుక. రోజూ పొద్దున నన్ను ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆస్పత్రిలో దించే జట్కా ఆయన ఒకరు ఉన్నారు. నాకంటే పదేళ్లు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. ఆయనది నొసట తెల్లచుక్క ఉన్న ఆడగుర్రం. వాన కాలంలో దానికి కడుపు శూల వచ్చి నేల మీద పొర్లాడుతుంటే ముక్కులోంచి గొట్టం దించి, కడుపులోకి నూనె పోసి, మెడకు సూదులు వేసి బతికించింది నేనే. ఆయన వరుసలో తొమ్మిదో నంబరు. గుర్రానికి వయసు మీద పడుతోంది, మోటారు రిక్షాలు అప్పుడప్పుడే ఊళ్లోకి దిగుతున్నాయి. ఈ ఏడాది ముందుకు రాకపోతే గుర్రాన్ని అమ్మేసి ఏదన్నా మిల్లులో మూటలు మోయాల్సిందేనని ఒక రోజు బండి తోలుతూనే చెప్పాడు. నా వైపు తిరగలేదు. సాయం చెయ్యమని అడగలేదు. అయినా స్టేషను దగ్గర అందరూ దాన్ని డాక్టరు బండి అనే అనేవాళ్లు, ఆ మాట నా చెవిన పడింది. పడిన రోజు నుంచీ నాకు ఒకటే పట్టుదల. నా మీద మాట పడనివ్వకూడదు.

పరుగు రోజు తెల్లవారుతుండగా పదకొండు బండ్లు వరుసగా నిలబడ్డాయి. పరుగులో ఉన్న పెద్దాయన ఒకరు తన బండి మీద నుంచే తలగుడ్డ ఊపారు, అంతే, గిట్టల చప్పుడు. నేను మోటార్ సైకిల్ మీద, వెనక మా కాంపౌండరు మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని. అతను ఆత్మకూరు నుంచి బదిలీ మీద వచ్చి రెండు నెలలే అయింది. అతనికి గుర్రాల పరుగు కంటే నేను మోటార్ సైకిల్ తోలే తీరే ఎక్కువ భయంగా ఉండింది. అయ్యలూరు మెట్ట దగ్గర బండ్లను దాటుకుంటూ పోతుంటే జట్కావాళ్ల అరుపులు, పాటలు, తిట్లు. ఎడమ వైపు నల్లమల మీద సూర్యుడు లేస్తున్నాడు. చేలల్లో పత్తి తీసే ఆడవాళ్లు నడుము నిలబెట్టి చూస్తున్నారు. ఇరవై ఏళ్ల కుర్రాడిలా నేనూ అరిచాను. కాంపౌండరు నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

శిరివెళ్లకు మేము ముందే చేరి చింతచెట్ల కింద నిలబడ్డాం. బండ్లు ఒకేసారి నాలుగైదు వచ్చిపడ్డాయి. ఇద్దరం పంచుకోక తప్పలేదు. ఎవరి గుర్రం ఎవరు చూడాలన్నది నేనే చెప్పాను. తెల్లచుక్క గుర్రం రాగానే, దాన్ని నువ్వు చూడు అని కాంపౌండరుకు అప్పగించాను. డాక్టరు తన బండికి తానే నాడి పట్టుకున్నాడన్న మాట రాకూడదు కదా. ఎంత ముందుచూపో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. అతను దాన్ని అవతల చివరి చెట్టు కింద కట్టేయించి, దవడ కింద వేలు పెట్టి లెక్కబెట్టి యాభై ఆరు అని కేకేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది, పైకి మాత్రం ముఖం గంటు పెట్టుకునే ఉన్నాను.

నేను తీసుకున్న వాటిలో ఒక ఎర్ర గుర్రం ఉంది. దాని యజమాని పాతికేళ్లు నిండని మనిషి, కొత్తగా పెళ్లయినవాడు, దూకుడు ఎక్కువ. అంతవరకూ అందరికంటే ముందున్నది అతనే. అరగంట తర్వాత చూస్తే డెబ్భై. పది నిమిషాలు ఆగి చూస్తే డెబ్భై ఒకటి. గుర్రం నిలకడగా నిలబడే ఉంది, ఒంటి చెమట ఆరింది, ఊపిరి మామూలుగా ఉంది. అయినా లెక్క లెక్కే. ఆగిపోవాలి అన్నాను. అతను వాదించాడు, బతిమాలాడు, చివరికి గుర్రం మెడ మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. నాకు జాలి వేసింది. కానీ ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలి, పోయిన ఏడాది చచ్చిన గుర్రం గుర్తు తెచ్చుకో అని గట్టిగానే చెప్పాను. ఇంకో ఇద్దరి గుర్రాలు కుంటుతున్నాయని కాంపౌండరు ఆపేశాడు.

మిగిలినవి ఎనిమిది. ఆళ్లగడ్డ దాకా ఆ రెండో సగం ఉంది చూడండి, నా జీవితంలో అంత సంబరంగా నేను ఏ దారిలోనూ పోలేదు. తెల్లచుక్క గుర్రం, తలగుడ్డ ఊపిన పెద్దాయన నల్ల గుర్రం, ఒకదాని పక్కన ఒకటి, చక్రం చక్రం తగిలేంత దగ్గరగా. కాసేపు ఇది ముందు, కాసేపు అది. మా అన్న చేతిలో కొరడా లేదు, నాలుక టకటకలాడించడం, పేరు పెట్టి బుజ్జగించడం, అంతే. మోటార్ సైకిల్‌తో పక్కనే పోతూ ఒకసారి ఆయన ముఖం చూశాను. బండిలో నన్ను ఎక్కించుకుని తోలే మనిషి కాదు అది. పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాడు.

ఊరి మొదట్లో దేవుడి విగ్రహాలు చెక్కే శిల్పుల పాకలు ఉన్నాయి. వాళ్లు ఉలులు కింద పెట్టి రోడ్డు మీదికి వచ్చారు. వాళ్ల కళ్ల ముందే తెల్లచుక్క గుర్రం నల్లదాన్ని దాటింది. ఆ పాకల పక్కనే ఉన్న సంత మైదానంలో గీత గీసిన చోట బండి వచ్చి ఆగగానే జనం మీద పడ్డారు. తొమ్మిదో నంబరు వాడు మొదట వచ్చాడు.

అరగంట అయింది. ఇక్కడ మొదటి ఇద్దరిని డాక్టరే చూడాలని రాసింది నేనే. తప్పించుకునే వీలు లేదు. స్టెతస్కోపు తీసుకుని దగ్గరికి పోయి, గుర్రం ఎడమ వైపు మోచేతి వెనక పెట్టి వాచీ చూశాను. డెబ్భై రెండు.

ఆ మధ్యలో చూసిన నల్ల గుర్రం సులువుగా దాటింది. తెల్లచుక్కదానికి పది నిమిషాల తర్వాత డెబ్భై నాలుగు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ లెక్క విన్నప్పుడు నాకు బాధ కలగలేదు. లోపల ఒక రకమైన సంతోషం కలిగింది. చూడండి, ఇది నా బండి అన్నారు కదా, నేనే ఆపేస్తున్నాను చూడండి అనిపించింది. వేరే గుర్రమైతే ఇంకోసారి చూసి ఉండేవాణ్ణేమో. శిరివెళ్లలో యాభై ఆరు ఉన్న గుర్రం, చెవులు నిలబెట్టుకుని నిలబడ్డ గుర్రం, దానికి ఇంత ఎలా పెరిగిందని ఆలోచించి ఉండేవాణ్ణేమో. ఆలోచించలేదు. జనం వైపు తిరిగి, ఈ గుర్రం తప్పింది, మొదటి నంబరు నల్ల గుర్రానిది అని చెప్పేశాను. నా గొంతు కొంచెం ఎక్కువగానే లేచింది.

అన్న నా మీద కోపపడలేదు. మెల్లిగా ఒకటే మాట అన్నాడు.

“నిన్ను చూస్తే దానికి బయం సార్. ఆ పొద్దు ముక్కులో గొట్టం పెట్టినావ్ గదా. నీ వాసన తగిల్తేనే గుండె కొట్టుకుంటాంది.”

ఓడినవాడు చెప్పే సాకులు ఎన్ని ఉంటాయో నాకు తెలుసు అనుకున్నాను. నెలల తరబడి రోజూ నన్ను మోసిన గుర్రానికి నేనంటే భయమా అని అడిగాను కూడా. బండి వెనక కూర్చునేవాణ్ణి అది చూడదు సార్ అన్నాడాయన. నేను వినలేదు, స్టెతస్కోపు మడిచి పెట్టెలో పెట్టేశాను.

అప్పుడు వచ్చాడు పెద్దాయన. మొదటి నంబరు ఇప్పుడు ఆయనదే. ఇంటికి పోయి సంబరం చేసుకోవాల్సిన మనిషి. గుప్పెడు ఉలవలు తీసుకుని తెల్లచుక్క గుర్రం నోటి ముందు పెట్టాడు. అది కరకర నమిలింది. నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

“అలిసిన గుర్రం ఉలవలు ముట్టదు సార్. ఇది తింటాంది చూడు. నువ్వు ఆ పాక ఎనక్కి పో. నీ కాంపౌండరును లెక్కబెట్టమను.”

నాకు చచ్చేంత కోపం వచ్చింది. నలుగురి ముందు నన్ను పాక వెనక్కి పొమ్మంటాడా? చదువుకున్నది నేనా ఆయనా? కానీ గెలిచినవాడు వచ్చి ఓడినవాడి తరఫున అడుగుతుంటే ఏమని కాదంటాం? వాచీ విప్పి కాంపౌండరుకు ఇచ్చి, విసవిసా నడుచుకుంటూ పోయి శిల్పుల పాక వెనక నిలబడ్డాను. అక్కడ సగం చెక్కిన గరుత్మంతుడి విగ్రహం ఒకటి ఉంది, దాని పక్కన నేను. జనం నవ్వుకునే ఉంటారు.

కొంతసేపటికి కేక వినబడింది. యాభై. నేను నమ్మలేదు. ఇంకోసారి లెక్కపెట్టమన్నాను. మళ్లీ యాభై. వేలు తీయవద్దని చెప్పి నేను పాక చాటు నుంచి ఇవతలికి వచ్చి గుర్రం వైపు నడిచాను. పది అడుగుల దూరంలో ఉండగా దాని చెవులు వెనక్కి పోయాయి, ముక్కుపుటాలు లేచాయి. కాంపౌండరు ముఖం మారిపోయింది. సార్, మీరు కనబడగానే వేలి కింద టకటక పెరిగిపోయింది అన్నాడు.

నేను అక్కడే ఆగిపోయి నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేకపోయాను. నాలుగేళ్ల చదువు, అరవై నాలుగు, గోడ మీద అట్ట, ఇంత హంగామా చేసి, పరీక్ష పెట్టే మనిషిని చూస్తేనే గుర్రం గుండె పరుగెడుతుందని నాకు తట్టలేదు. పక్షపాతం నాలో ఉందా లేదా అని ఏడాది పొడవునా వెతుక్కున్నాను. గుర్రం వైపు నుంచి ఆలోచించనే లేదు. నవ్వుతూనే జనానికి చెప్పాను. నేను తప్పు లెక్క చెప్పాను. ఆళ్లగడ్డ చేరిన ఎనిమిది గుర్రాలనూ కాంపౌండరే మళ్లీ చూస్తాడు, నేను దగ్గరికి కూడా రాను. ఒకదానికి ఒక తీరు, ఇంకోదానికి ఇంకో తీరు ఉండదు అన్నాను. ఈలలు, చప్పట్లు. ఎనిమిదీ దాటాయి. తెల్లచుక్క గుర్రానికి మొదటి నంబరు. మా అన్న గుర్రం ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఏడ్చేశాడు. పెద్దాయన రెండో నంబరుకు దిగి, వచ్చే ఏడాది చూసుకుందాంలే అంటూ ఆయన భుజం మీద చరిచాడు. నాకు ఎంత ఆనందమంటే, తప్పు ఒప్పుకున్నందుకు నాకెవరో సన్మానం చేస్తున్నట్టు ఉంది. ఇంత న్యాయంగా ఎవరు నడుపుతారు అని కూడా అనుకున్నాను.

జనం మధ్యలోంచి ఎర్ర గుర్రం అతను ముందుకు వచ్చాడు. గుర్రాన్ని శిరివెళ్లలోనే కట్టేసి బస్సెక్కి చివర చూద్దామని వచ్చాడట. ఎప్పటి నుంచి నిలబడి చూస్తున్నాడో తెలియదు.

“నా గుర్రానికీ గొట్టం పెట్టింది నువ్వే గదా సార్.”

నాకు అర్థం కాలేదు. వానల్లో తడిసిన ఉలవ పొట్టు తిని స్టేషను గుర్రాలు నాలుగింటికి ఒకే వారంలో శూల వచ్చింది. నాలుగింటికీ గొట్టం దించాను. రెండిటిని తర్వాత అమ్మేసుకున్నారు. ఒకటి తెల్లచుక్కది. నాలుగోది ఎవరిదో నేను అప్పుడు చూసుకోలేదు, పశువును చూశాను గానీ పట్టుకున్న మనిషిని చూడలేదు. ఆ ఎర్ర ఒళ్లు, దవడ మీద మచ్చ ఇప్పుడు కళ్ల ముందుకు వచ్చాయి. శిరివెళ్లలో దాని చెమట ఆరింది, ఊపిరి మామూలుగా ఉంది, అదీ గుర్తొచ్చింది.

“ఈయప్ప గుర్రాన్ని కాంపౌండరు చేతిలో పెడ్తివి. నాదాన్ని నువ్వు పట్టుకుంటివి. ఆడ నువ్వు పక్కకు పోయింటే?”

అలా కాదు, నీ మీద నాకేమీ లేదు, మా బండికి నేను చూసుకోకూడదని అలా చేశాను అని చెప్పబోయాను. చెప్పబోతుంటేనే ఆ మాట ఎంత ఘోరంగా ఉందో నాకే వినిపించింది. నాకు తెలిసినవాడికి మేలు చేయకూడదని నేను వేసిన ఎత్తే వాడికి మేలు చేసింది, తెలియనివాణ్ణి ముంచింది. ఇప్పుడు పోయి నాడి చూద్దామంటే గుర్రం గంటల తరబడి చెట్టు కింద నిలబడి ఉంది, ఏ గుర్రమైనా దాటుతుంది. మళ్లీ పరుగెత్తించమంటే మిగతావాళ్లకు అన్యాయం. నాకు తెలిసిన చదువంతా వెతికాను, ఒక్క దారీ కనపడలేదు. తప్పు నాదేనని అందరూ వినేలా చెప్పాను. ఇందాక చెప్పినప్పుడు వచ్చిన చప్పట్లు ఈసారి రాలేదు.

అతను తల ఊపాడు. అరవలేదు.

“తప్పని చెప్తివి, సరే సార్. నా యేడాది యాడనుంచి తెస్తావ్?”

పెద్దాయన నేల చూశాడు. మా అన్న గుర్రం పగ్గం పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన అటు ఎందుకు తిరిగాడో నాకు తెలుసు. తన నంబరు ఇస్తానంటే మిల్లుకు పోవాలి, ఇవ్వనంటే నోరు రాదు. అతను ఇంకాసేపు చూసి, శిరివెళ్ల బస్సు వచ్చే వేళయిందని గుర్రం దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను బదిలీ అయ్యేదాకా పరుగులో నాడి కాంపౌండరే చూశాడు, మందు వేసిన చెయ్యి లెక్కపెట్టకూడదన్న మాట అట్ట మీద మొదటి నియమంగా రాయించాను. ఎర్ర గుర్రం అతను ఆ ఏడాదంతా తొమ్మిదో నంబరులో, మా అన్న వదిలిన చోటే నిలబడ్డాడు. వేసవి దాటేలోపు గుర్రాన్ని అమ్మేశాడు.